అక్షరమును నమ్మిన దేశాధ్యక్షుడు - సార్మియెంటో

దక్షిణ అమెరికా ఖండమునందలి అర్జెంటీనా దేశమున మొదటి జాతీయ జనాభా లెక్క 1869వ సంవత్సరములో జరిగెను. దేశము బహు విశాలము. జనము మాత్రము 18 లక్షలకు కొంచెము పైన. ఊరూరు తిరిగి వ్రాసికొని వచ్చిన పట్టీలను కూడగా తేలిన అంకెలలో ఒకటి ఏ పాలకునికైనను తల వంపులు తెచ్చునది. వయసు వచ్చినవారిలో పదింట ఏడు పాళ్లకు పైగా అక్షరము ముక్క రానివారు.

ఆనాడు దేశాధ్యక్ష పదవియందున్నవాడు డొమింగో ఫౌస్టీనో సార్మియెంటో. ఆ అంకెను చూచి ఆయన ఆశ్చర్యపడవలసిన పని లేదు. అక్షరము రాని జనుల నడుమనే పుట్టి పెరిగినవాడు. ఏ కళాశాల గడపయు త్రొక్కినవాడు కాడు. అంగడిలో గుమాస్తాగను, గనిలో మేస్త్రీగను, బడిపంతులుగను, పత్రికా రచయితగను బ్రతికి, రెండు పర్యాయములు దేశభ్రష్టుడై, ఏబదియేడవయేట అధ్యక్షుడైనాడు. ఇట్టివానికి చదువుపై అంతటి భక్తి ఎట్లు కుదిరెనో, ఆ భక్తియే ఒక్కొక్కచో ఎట్లు కాఠిన్యముగా మారెనో, రెండును తెలిసికొనదగినవి.

ఆయన జన్మస్థలము ఆండీస్ పర్వతముల పాదమునందలి సాన్ హువాన్ పట్టణము. వాన తక్కువ నేల. కొండల మంచు కరగి వచ్చు నీటిని కాలువలలో త్రిప్పుకొని తోటలు పెంచుకొందురు. స్పెయిన్ దొరతనముపై అర్జెంటీనా ప్రజలు తిరుగబడినది 1810 మే నెలలో. సార్మియెంటో పుట్టినది 1811 ఫిబ్రవరి 15వ తేదీన. తండ్రి హోసే క్లెమెంటే కంచరగాడిదలపై సరకులు తోలినవాడు. స్వాతంత్ర్య యుద్ధమున సైనికుడుగా పోయినవాడు. ఇంటిపట్టున నిలిచి సంపాదించిన దినములు తక్కువ. సంసార భారమంతయు తల్లి పౌలా అల్బరాసీన్ మీదనే పడెను. ఆమె ఒక అత్తిచెట్టు నీడలో మగ్గము నిలిపి నేతపని చేసెడిది. పెండ్లికి పూర్వమే ఆ నేత కూలితోనే వారమువారము పనివాండ్రకు డబ్బిచ్చుచు ఇల్లు కట్టించుకొన్నది. మగ్గపు చప్పుడుతో తెల్లవారు ఇండ్లు మన యెడలను పెక్కు గలవు గనుక ఆ తల్లి శ్రమ యెట్టిదో వేరుగ వర్ణింప నక్కరలేదు. కుమారుడు పెద్దవాడై తన బాల్యమును గూర్చి వ్రాసికొన్న గ్రంథమున అన్నిటికంటె మిన్నయైన పుటలు ఆ తల్లిని గూర్చినవే.

స్వతంత్ర ప్రభుత్వము సాన్ హువాన్‌లో తెరచిన బడిలో ఆ బాలుడు 1816లో, అయిదేండ్ల వయసున చేరెను. అప్పటికే చదువ నేర్చియుండెను. బడిలో మొదటివాడని పేరు వచ్చెను. 1823లో రాజధానియగు బ్యూనస్ ఐరిస్ నుండి ఒక వార్త వచ్చినది: ఒక్కొక్క రాష్ట్రము నుండి ఆరుగురు పేద బాలురను ప్రభుత్వము తన ఖర్చుతో కళాశాలలో చదివించునట. సాన్ హువాన్ నుండి పంపదగినవారి జాబితాలో సార్మియెంటో పేరు ముందున్నది. అయితే ధనవంతులు తమ బిడ్డలకును ఆ భాగ్యము కావలెననిరి. చీట్లు వేసిరి. ఆరు చీట్లు లేచినవి. వానిలో ఈ బాలుని పేరు లేదు. ఇంటిలో తల్లి, తండ్రి ఇద్దరును కంట నీరు పెట్టుకొనిరి.

గురువు చేరదీయని ఏకలవ్యుని కథ మనవారికి తెలియనిది కాదు. ఇచ్చట త్రోసివేసినది గురువు కాదు, చీటి; అంతియే భేదము. మేనమామ వరుసయగు హోసే దె ఓరో అను క్రైస్తవాచార్యుడు ఆ బాలుని చేరదీసి లాటిను నేర్పెను. ఆ ఆచార్యుడు రాజకీయ కారణములచేత ఊరు విడిచి సాన్ లూయిస్ రాష్ట్రమునందలి ఒక కుగ్రామమునకు పోవలసిరాగా శిష్యుడును వెంట నడచెను. అచ్చట వారు బడి పెట్టిరి. పదునైదేండ్ల పంతులు, విద్యార్థులలో కొందరు పంతులుకంటె పెద్దవారు. తరువాత తిరిగి వచ్చి బంధువుల అంగడిలో కూర్చుండి ఉప్పు పప్పులు అమ్మెను. కొనువారు లేని వేళ పుస్తకము. వచ్చినచో పుస్తకము మూసి తక్కెడ. బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వీయచరిత్ర చేతబడినది అప్పుడే. పేదవాడై పుట్టి, అచ్చుపనిచేసి, చందాలతో గ్రంథాలయమును నెలకొల్పి, దేశమునకు పెద్దయైన ఆ అమెరికా దేశీయుని కథ ఈ యువకుని తలలో గట్టిగా నాటుకొన్నది.

ఆ కాలమున అర్జెంటీనాలో రెండు కక్షలుండెను. దేశమంతయు ఒకే కేంద్ర ప్రభుత్వము క్రింద నుండవలెనని ఒకరు. రాష్ట్రములు దేనికదియే ఏలుకొనవలెనని వేరొకరు. సిద్ధాంతముల పోరు పేరికే. ఆచరణలో ఆశ్విక సేనలు గల నాయకులు పట్టణములపై పడి దోచుకొనుట, కొట్టుట, ఉరితీయుట. అట్టివారిలో ఫకుండో కిరోగా అనునతని రౌతులు ధూళి రేపుచు సాన్ హువాన్‌లో ప్రవేశించుట సార్మియెంటో అంగడి వాకిట నిలిచి చూచెను. ఆ దృశ్యము ఆయనను కేంద్ర కక్షలో చేర్చినది. కక్ష ఓడినది. 1831లో కొండలు దాటి చిలీ దేశమునకు పారిపోవలసివచ్చెను.

పరదేశమున పొట్టపోసికొనుటకు చేయని పని లేదు. పల్లెటూరి బడిలో పాఠములు చెప్పెను. వాల్పరైసో రేవులో వర్తకుని గుమాస్తాయై, జీతములో సగము ఇంగ్లీషు నేర్పువానికిచ్చి, తెల్లవారకముందే నిద్రలేపుటకు వీథి గస్తీవానికి వేరుగ కొంత ముట్టజెప్పెను. కోపియపో ప్రాంతపు వెండిగనిలో మేస్త్రీగా నుండిన రోజులలో కూలివాని దుస్తులతోనే కూర్చుండి వాల్టర్ స్కాట్ ఇంగ్లీషు నవలలు చదివెను. జబ్బుపడి 1836లో ఇల్లు చేరెను. 1839లో సాన్ హువాన్‌లో ఆడపిల్లలకొఱకు ఒక పాఠశాలను, దానితోబాటు ఒక వారపత్రికను ప్రారంభించెను. బ్యూనస్ ఐరిస్‌లో అప్పుడు హువాన్ మాన్యుయెల్ రోసాస్ నిరంకుశుడై ఏలుచుండెను. స్థానిక ప్రభుత్వము అతని పక్షము. పత్రిక ఆగినది. 1840లో సార్మియెంటోను చెరబెట్టి, గుంపుచేత కొట్టించి, దేశము వెడలగొట్టిరి. పోవుచు దారిలోని ఒక స్నానఘట్టపు గోడపై బొగ్గుతో ఫ్రెంచి భాషలో ఒక వాక్యము వ్రాసిపోయెను. మనుష్యుని చంపవచ్చును గాని వాని తలంపులను చంపలేరని దాని తాత్పర్యము. ఆ వ్రాత యేమిటో చదివి చెప్పువారికొఱకు అధికారులు వెదకవలసివచ్చినదని ఆయన తరువాత ఎగతాళిగ వ్రాసికొన్నాడు.

చిలీలో ఈ మారు అదృష్టము కలిసివచ్చెను. మంత్రి మాన్యుయెల్ మోంట్ ఆయన శక్తిని గుర్తించి, 1842లో శాంటియాగోలో స్థాపించిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు అధిపతిగా నియమించెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకై దక్షిణ అమెరికాలో పెట్టిన మొదటి పాఠశాల అదియే. పిల్లలకు తేలికగ చదువు వచ్చునట్లు ఒక మొదటి వాచకమును వ్రాసెను. ఉచ్చారణకు సరిపోవునట్లు అక్షరక్రమమును సవరింపవలెనని పండితులతో వాదించెను. 1845లో ఫకుండో అను గ్రంథమును పత్రికలో భాగములుగా ప్రకటించెను. పైకి అది కిరోగా జీవితము. లోన రోసాస్ పాలనపై బాణము. స్పానిష్ భాషలో ఆ శతాబ్దమున వెలసిన గొప్ప గ్రంథములలో దానిని నేటికిని లెక్కింతురు.

అయితే ఆ గ్రంథమునందే ఆయన గుణమును, దోషమును ఒక్క కాండమునుండి మొలచిన రెండు కొమ్మలవలె కనబడును. పట్టణము, బడి, పుస్తకము, వర్తకము - ఇవి నాగరకతయనియు. మైదానములలో గుఱ్ఱములపై తిరుగుచు పశువులను కాచికొని బ్రతుకు గౌచోల జీవనము అనాగరకతయనియు ఆయన విభజించెను. నేలను, ఆకాశమును చూచి దారి చెప్పగలిగిన ఆ గౌచోల నేర్పును తానే అద్భుతముగ వర్ణించెను. వర్ణించియు వారి బ్రతుకు దేశమునకు ఆటంకమని తీర్పు చెప్పెను. చదువు లేనివానికి చదువు చెప్పవలెననుట ఒకటి; చదువు లేదు గనుక వాడు తక్కువవాడనుట వేరొకటి. ఈ రెంటికి నడుమ గల గీటు ఆయనకు తఱచుగ కనబడలేదు. ఆ భూమికి తొలినుండి హక్కుదారులైన ఆదివాసుల విషయమున ఆయన వ్రాతలు ఇంకను కఠినములు.

1845 మొదలు 1848 వఱకు చిలీ ప్రభుత్వపక్షమున విద్యావిధానములను పరిశీలించుటకు ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో పర్యటించెను. ఐరోపా రాజధానులకంటె అమెరికా పల్లెలే ఆయనకు నచ్చినవి. మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రజా విద్యకు పాటుపడుచున్న హొరేస్ మాన్‌ను 1847లో కలిసికొనెను. రైతు బిడ్డ, మేస్త్రీ బిడ్డ, ధనికుని బిడ్డ ఒకే బల్లపై కూర్చుండు బడులను చూచెను. తిరిగి వచ్చి వ్రాసిన గ్రంథములలో ఆయన నొక్కి చెప్పిన సంగతి యొకటి గ్రంథాలయముల వారికి ముఖ్యము: బడిలో చదువ నేర్చినవానికి ఊరిలో చదువుటకు పుస్తకము లేకున్నచో ఆ బడికి పెట్టిన ఖర్చు వృథా.

1852 ఫిబ్రవరి 3వ తేదీన కాసెరోస్ యుద్ధములో రోసాస్ ఓడిపోయి దేశము విడిచెను. గెలిచిన సేనాపతి ఉర్కీసా సైన్యములో వార్తాపత్రము వ్రాయు ఉద్యోగము సార్మియెంటోది. గెలుపు వచ్చిన కొలది దినములకే ఉర్కీసాతోను చెడి చిలీకి పోయెను. ఎవరితోనైనను చిరకాలము పొసగించుకొనుట ఆయన జాతకమున లేదు. 1855లో బ్యూనస్ ఐరిస్ చేరి, మరుసటి యేడు బడుల శాఖకు అధికారియై, తరువాత శాసనసభ్యుడు, మంత్రియై, 1862లో స్వరాష్ట్రమగు సాన్ హువాన్‌కు గవర్నరుగ పోయెను. ఒకనాడు చీటి లేవని పట్టణమునకు నేడు పాలకుడు.

అప్పుడే ఆయన చరిత్రమునకు మచ్చ ఏర్పడినది. ప్రక్కనున్న లా రియోహా రాష్ట్రమున పెన్యలోసా అను ముసలి నాయకుడు పేద గౌచోలను కూడగట్టి కేంద్రముపై తిరుగబడెను. దానిని అణచు భారము సార్మియెంటోపై నుంచిరి. 1863 నవంబరులో పెన్యలోసా ఓల్తా గ్రామమున పట్టుబడెను. ఆయుధము విడిచినవానిని బల్లెముతో పొడిచి చంపి, తల నరికి, స్తంభమున కెత్తి ఊరి నడుమ నిలిపిరి. ఆ పని చేసినవాడు వేరొక సైనికుడు. విచారణ లేని ఆ వధను సార్మియెంటో ఖండింపకపోగా సమర్థించెను. గౌచోల రక్తము విషయమున పొదుపు అక్కరలేదను భావముతో రెండేండ్లకు ముందే, 1861లో, సేనాని మిత్రేకు జాబు వ్రాసియుండెను. రోసాస్ తలలు నరికించుచున్నాడని పుస్తకము వ్రాసినవాడే యిట్లు చేయుట చూచి ఆయన దేశీయులే నేటికిని వాదులాడుదురు. ఆయన చేసిన మేలును చెప్పువారు దీనిని దాచిపెట్టుట తగదు.

మిత్రే అధ్యక్షుడుగ నున్న కాలమున సార్మియెంటో రాయబారియై 1865లో అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయెను. లింకన్ హత్య జరిగి కొలది దినములే యైనది. ఆయన అచ్చట నుండగా అర్జెంటీనా, బ్రెజిల్, ఉరుగ్వేలు కలిసి పరాగ్వేతో పోరాడుచుండెను. ఆ యుద్ధములో 1866 సెప్టెంబరు 22వ తేదీన కురుపైతీ కోటవద్ద ఆయన పెంచుకొన్న కుమారుడు, ఇరువదియొక్కయేండ్ల దొమింగీతో, నేలకూలెను. తాను చదువు చెప్పి పెంచిన బిడ్డ. తండ్రి వేల క్రోసుల దూరమున ఆ వార్త వినెను. వార్ధక్యములో ఆ కుమారుని జీవితమును ఒక పుస్తకముగ వ్రాసి ప్రకటించెను.

1868 ఎన్నికలలో ఆయన దేశమున లేడు. సొంత కక్ష యనునదియు లేదు. అయినను సైన్యాధికారులును, కొన్ని రాష్ట్రములును ఆయన పేరు నెత్తుకొనగా ఎన్నికైనాడు. ఓడలో స్వదేశమునకు వచ్చుచు ఆ సంగతి తెలిసికొనెను. అక్టోబరు 12వ తేదీన పదవి స్వీకరించెను.

ఆరేండ్ల పాలనలో నెమ్మది యన్నది లేదు. పరాగ్వే యుద్ధము 1870 మార్చి వఱకు సాగెను. ఆ ఏప్రిలులో ఉర్కీసాను స్వగృహమునందే హత్యచేసిరి. లోపెస్ హోర్దాన్ తిరుగుబాటు లేచినది. 1871లో బ్యూనస్ ఐరిస్ నగరమున పచ్చజ్వరము ప్రబలి ఇంచుమించు 14 వేలమంది చనిపోయిరి. అధ్యక్షుడు ఆ సమయమున నగరము విడిచిపోవుట ప్రజలకు ఎన్నటికిని మింగుడుపడలేదు. 1873 ఆగస్టులో ఒకనాటి రాత్రి బండిలో పోవుచున్న ఆయనపై హంతకులు తుపాకి కాల్చిరి. మందు ఎక్కువగ దట్టించుటచే తుపాకియే బ్రద్దలయ్యెను. సార్మియెంటోకు అప్పటికి చెవుడు బాగుగ ముదిరియుండుటచేత ఏమి జరిగినదో ఇతరులు చెప్పగాని తెలియలేదట!

ఇన్నింటి నడుమను బడుల పని ఆగలేదు. ప్రాథమిక పాఠశాలలలో చదువు పిల్లలు ఆయన వచ్చునాటికి సుమారు 30 వేలు. దిగిపోవునాటికి సుమారు లక్ష. పరానా పట్టణమున 1870లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను నెలకొల్పుచు ఆజ్ఞ ఇచ్చెను. దాని మొదటి అధిపతి అమెరికా దేశీయుడు జార్జి స్టెర్న్స్. శిక్షణ పొందిన ఉపాధ్యాయినులను అమెరికా నుండియే రప్పింప మొదలిడెను. ఆ శతాబ్దాంతము లోపల అరువదిమందికి పైగా అట్లు వచ్చి అర్జెంటీనా పట్టణములలో పాఠములు చెప్పిరి. 1871లో కోర్డొబా నగరమున నక్షత్రశాలను తెరచి బెంజమిన్ గూల్డ్ అను ఖగోళశాస్త్రజ్ఞునికి అప్పగించెను. తిండికి గతిలేని దేశమునకు నక్షత్రముల లెక్క యెందుకని పరిహసించినవారు పరిహసించిరి. తంతి తీగెలు దేశమంతటను ప్రాకెను. ఆయనను పిచ్చివాడని పత్రికలు వ్యంగ్యచిత్రములు వేసెను. వానికి ఆయన లోటు చేయలేదు.

గ్రంథాలయ శాసనము 1870 సెప్టెంబరు 23వ తేదీన వెలువడెను. దాని సంఖ్య 419. పెద్ద శాసనము కాదు, కొలది విధులు మాత్రమే. అయినను దాని లోని యుక్తి గమనింపదగినది. ప్రభుత్వము తానై ఏ ఊరను గ్రంథాలయము కట్టింపదు. ముందుగ ఊరివారు సంఘముగ కూడవలెను, చందాలు వేసికొనవలెను, పోగైన సొమ్మును, కోరిన పుస్తకముల పట్టికను రాజధానిలోని సంరక్షక సంఘమునకు పంపవలెను. ఊరివారు ఎంత పంపిన ప్రభుత్వము అంత చేర్చును. వంద పంపిన రెండు వందల పుస్తకములు వచ్చును. సంఘము మొత్తముగ కొనుటచే వెల తగ్గును. పంపు ఖర్చు ప్రభుత్వముది. పైసా వేయని ఊరికి పైసా రాదు. తన డబ్బు పడినచోట మనుష్యుడు కన్ను వేసియుంచునను లోకజ్ఞానము అందున్నది. చందా వేసినవాడు పుస్తకము చినిగిన అడుగును, తలుపు తెరవకున్న అడుగును.

ఈ పద్ధతికి ముందు నడచినది సాన్ హువాన్ పట్టణమే. ఆయన ప్రోత్సాహముతో అచ్చటివారు 1866లోనే సంఘముగ కూడి ఫ్రాంక్లిన్ పేర ప్రజా గ్రంథాలయమును నెలకొల్పియుండిరి. అంగడిలో కూర్చుండి చదివిన పుస్తకమున కది ఋణము తీర్చుకొనుట వంటిది. శాసనము వచ్చిన కొలది యేండ్లలో దేశమున నూటికి పైగా గ్రంథాలయములు వెలసెను. మైదానముల నడుమ, రైలు చేరని ఊళ్లకు బండ్లమీద పుస్తకముల పెట్టెలు పోయెను. చదువ రాని గౌచోలకు ఆ పెట్టెలు ఎంతమాత్రము ఉపయోగపడెనను ప్రశ్న యొకటి కలదు. బడి ముందు పోవలెను, పుస్తకము వెంట రావలెను. రెండును చేరిన ఊళ్లు ఆనాటికి కొన్నియే.

1874 అక్టోబరు 12వ తేదీన, తన ప్రభుత్వమున విద్యామంత్రియైన అవెల్యనేడాకు పదవి నప్పగించి దిగిపోయెను. అధ్యక్ష పదవి ననుభవించినవాడు ఆ తరువాత ఏమి కోరును? ఈయన బ్యూనస్ ఐరిస్ రాష్ట్రపు బడుల అధికారియై మరల పలకలు, బల్లలు, పంతుళ్ల జీతముల లెక్కలు చూడ మొదలిడెను. 1881లో దేశపు బడులన్నింటికి అధికారియై, పై వారితో చెడి మానుకొనెను. పిల్లలందరికి విద్య ఉచితము, నిర్బంధము, మతప్రసక్తి లేనిది కావలెనని పత్రికలలో ఏండ్ల తరబడి పోరాడెను. 1884లో 1420 సంఖ్యగల శాసనముగ అది నెరవేరినది.

గ్రంథాలయముల గతి వేరైనది. దేశమునకు ఆర్థికముగ గడ్డు దినములు రాగా 1876లో సంరక్షక సంఘమును రద్దుచేసిరి. జోడు సొమ్ము వచ్చుట నిలిచినది. చందాదారులు పట్టు విడువని చోట గ్రంథాలయములు నిలిచెను. తక్కినచోట్ల తలుపులు మూతపడెను. శాసనము చేసినవాడు తన కన్నులతోనే అది చూడవలసివచ్చెను.

చివరి యేండ్లలో రొమ్ము జబ్బుచేత చలి ఓర్వలేక పరాగ్వే దేశపు రాజధాని అసున్సియోన్‌కు పోయెను. ఏ దేశముతోడి యుద్ధములో తన బిడ్డ చనిపోయెనో ఆ దేశమే చివరి మజిలీ యైనది. అచ్చట చిన్న యిల్లు కట్టించుకొనుచు, 1888 సెప్టెంబరు 11వ తేదీన, డెబ్బదియేడవ యేట మరణించెను. శవమును నదిమీద ఓడలో బ్యూనస్ ఐరిస్‌కు తెచ్చి రెకొలేతా శ్మశానమున ఖననము చేసిరి. ఆ తేదీనే అర్జెంటీనాలో ఉపాధ్యాయ దినముగ జరుపుకొందురు. తల్లి నేత కూలితో కట్టించిన సాన్ హువాన్ ఇంటిని 1910లో జాతీయ స్మారకముగ ప్రకటించిరి. అంతకు రెండేండ్లు ముందు, 1908లో, ప్రభుత్వము గ్రంథాలయ సంరక్షక సంఘమును మరల నెలకొల్పి, మూతపడిన ఊళ్లకు పుస్తకములు పంపుట తిరిగి మొదలిడెను. శాసనము వెలువడిన సెప్టెంబరు 23వ తేదీ ఆ దేశమున ప్రజా గ్రంథాలయ దినము.